ఆ కాగితంలో ఏముందో నాకు తెలుసు

కువైట్‌లో మనకు ఆదివారం శుక్రవారమే వస్తుంది. వారపు సెలవు ఆ రోజు కాబట్టి ఆరాధన కూడా ఆ రోజే. సిటీలో ఖిబ్లా ప్రాంతంలో ఉన్న నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో శుక్రవారం పొద్దున అడుగుపెడితే ఒక హాల్లోంచి మలయాళం, పక్క హాల్లోంచి తమిళం, ఇంకో వైపు ఫిలిప్పీన్స్ వాళ్ల గిటార్లు, వాటన్నిటి మధ్య ఎక్కడో మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు వినిపిస్తాయి. ఒక భాష వాళ్ల సమయం అయిపోగానే కుర్చీలు సర్దేసి బయటికి వచ్చేయాలి. తలుపు దగ్గర ఇంకో భాష వాళ్లు బైబిళ్లు పట్టుకుని నిలబడి ఉంటారు. ప్రార్థన కాస్త సాగదీశారంటే వాళ్లు గడియారం చూసుకోవడం మనకు కనిపిస్తుంది.

నేను 2001లో కోనసీమ నుంచి ఇక్కడికి వచ్చాను. ఇంటి డ్రైవర్ వీసా, అంటే ఇరవై నంబరు వీసా. మా కఫీల్‌ది పెద్ద కుటుంబం. పొద్దున పిల్లల్ని బడికి దింపడం, మధ్యాహ్నం తీసుకురావడం, సాయంత్రం మామాను జమియాకు తీసుకెళ్లడం, రాత్రి బాబాను దివానియా దగ్గర దింపి బయట కారులో కూర్చోవడం. డ్రైవర్ పనిలో నడపడం తక్కువ, ఎదురుచూడటం ఎక్కువ. ఆ ఎదురుచూపుల్లోనే నాకు అరబ్బీ వచ్చింది.

చిన్నబ్బాయి ఒకటో తరగతి పుస్తకం ఒకరోజు కారులో వదిలేశాడు. అలిఫ్ పక్కన కుందేలు బొమ్మ, బా పక్కన బాతు బొమ్మ. అప్పటికి మాట్లాడటం కొంచెం వచ్చు గానీ అక్షరం ముక్క రాదు. తెల్లవార్లూ దివానియా బయట ఆ బొమ్మలు చూస్తూ దిద్దుకున్నాను. ఆ పిల్లాడు వెనక సీట్లో కూర్చుని నాకు పాఠం చెప్పేవాడు, తప్పు చదివితే పడీ పడీ నవ్వేవాడు. నేను చదువుతున్నప్పుడు పెదాలు కదులుతాయని, ముసలి తాతలా ఉంటానని వెక్కిరించేవాడు. వాడు మూడో తరగతికి వచ్చేసరికి నేను ఇంటికొచ్చే కరెంటు బిల్లు దగ్గర్నుంచి పేపర్లో హెడ్డింగుల దాకా చదవగలిగేవాణ్ణి. ఈ సంగతి మా కఫీల్‌కు తెలియదు. చెప్పాలనిపించలేదు. చదవడం వచ్చిన డ్రైవరంటే ఏ యజమానికైనా కొంచెం ఇబ్బందే కదా.

మా తెలుగు సహవాసంలో కూడా ఎవరికీ తెలియదు. అక్కడ లెక్కకు వచ్చే తలాంతులు వేరు. గొంతు ఉన్నవాళ్లు పాడతారు, కీబోర్డు వచ్చినవాళ్లు ముందు వరుసలో ఉంటారు, తబలా కొట్టే తమ్ముడికి క్రిస్మస్ నెలలో తీరికే ఉండదు. నాకు గొంతు లేదు. నేను పాట అందుకుంటే పక్కవాళ్లు మర్యాదగా స్వరం పెంచేవాళ్లు. అందుకని చెప్పులు సర్దడం, నీళ్ల బాటిళ్లు మోయడం, ఆరాధన అయ్యాక ఆడవాళ్లను బస్సు ఎక్కించడం నా పని. బస్సు బోర్డు చదివి ఏది హవల్లీకి పోతుందో, ఏది ఫర్వానియాకు పోతుందో చెప్పేవాణ్ణి. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదని నేనూ అనుకున్నాను, వాళ్లూ అనుకున్నారు.

2005లో, చలికాలం మొదలయ్యే రోజుల్లో, ఒక అక్క ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచింది. రాజోలు వైపు ఆవిడ, ఒక ఇంట్లో పనిచేసేది. నెలకు 40 దీనార్లు. పదకొండు నెలలుగా జీతం ఇవ్వలేదు. ఊరికి వెళ్లేటప్పుడు ఒకేసారి ఇస్తాం, నీ డబ్బు మా దగ్గర భద్రంగా ఉంటుంది అని చెప్పారట. బైబిల్లోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. రాత్రికి దీని మీద వేలిముద్ర వేయమన్నారని, వేస్తే 'తనాజుల్' ఇచ్చి వేరే ఇంటికి మారనిస్తామన్నారని చెప్పింది. ఆ మాట పలికేటప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు తనాజుల్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కఫీల్ మనల్ని వదులుకుంటున్నట్టు ఇచ్చే ఒప్పుదల. అది దొరికితే పంజరం తలుపు తీసినట్టే. కానీ అరబ్బీలో ఆ మాటకు అర్థం 'వదులుకోవడం' మాత్రమే. ఎవరు, దేన్ని వదులుకుంటున్నారన్నది దాని తర్వాత వచ్చే మాటల్ని బట్టి ఉంటుంది.

కాగితం విప్పి చదివాను. మొదటి వరుసలోనే 'ఇస్తలమ్‌తు' అని ఉంది. అంటే 'నేను అందుకున్నాను'. పదకొండు నెలల 'రాతిబ్', అంటే జీతం, మొత్తం ముట్టిందని ఉంది. కింద తనాజుల్ అనే మాట ఉంది, నిజమే. కానీ అక్కడ వదులుకుంటున్నది కఫీల్ కాదు, ఆ అక్క. తన హక్కులన్నీ వదులుకుంటున్నానని, ఇక ముందు ఏమీ అడగనని ఆవిడ రాసిచ్చినట్టుంది.

ఆవిడ పనిచేసే ఇంటాయన రోజూ మా బాబా దివానియాకు వచ్చే మనిషి. ఈ సంగతి చెబితే ఆవిడ వేలిముద్ర వేయదు. ఎందుకు వేయవు, నీకెవరు చెప్పారు అని అడుగుతారు. ఆవిడ చర్చి డ్రైవరు తమ్ముడని చెప్పేస్తుంది. మర్నాటికి నా అకామా, నా టికెట్టు, ఊళ్లో చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు, ఇవన్నీ అక్కడ నిలబడి ఉండగానే కళ్లముందు తిరిగాయి.

"నాకు అరబ్బీ అంతగా రాదక్కా. తనాజుల్ అని అయితే ఉంది" అన్నాను.

అబద్ధం కాదు చూడండి. అదే నన్ను ఇన్నేళ్లు తిన్నది.

పది రోజుల్లో ఆవిణ్ణి విమానం ఎక్కించారు. చేతికి 440 దీనార్లు రావాల్సిన మనిషి, అప్పటి రేటులో 65 వేల రూపాయల పైమాటే, ఖాళీ చేతులతో దిగిందని తర్వాత వేరే అక్కల ద్వారా తెలిసింది.

భయపడి దాచినవాడు

ఆ తర్వాత ఎన్నాళ్లకో మా పాస్టరు గారు తలాంతుల ఉపమానం మీద మాట్లాడారు. మత్తయి సువార్త 25వ అధ్యాయం, చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో వింటున్నదే. యజమాని దేశాంతరం వెళ్తూ ఒకడికి అయిదు తలాంతులు, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి ఇచ్చి వెళ్తాడు. ఒక్కటి తీసుకున్నవాడు దాన్ని భూమిలో పాతిపెడతాడు. చిన్నప్పుడు మాకు వాడు సోమరి అని చెప్పారు. యజమాని కూడా అదే తిడతాడు. కానీ వాడు తన నోటితో చెప్పుకున్న కారణం వేరే: నీవంటే నాకు భయం వేసింది, అందుకే దాచాను అంటాడు. ఆ రోజు ఆ ఒక్క ముక్కే నా చెవిలో పడింది. మిగతా ప్రసంగం నాకు గుర్తు లేదు. పని చేసుకునేవాడికి యజమానంటే భయం ఎలా ఉంటుందో మా హాల్లో కూర్చున్న అందరికీ తెలుసు. ఎవరూ తల ఎత్తలేదు, లేదా నాకు అలా అనిపించింది.

అక్కడితో నేను మారిపోయానని రాస్తే బాగుంటుంది గానీ అలా జరగలేదు. రెండు మూడేళ్లు అలాగే చెప్పులు సర్దాను. 2008లో ఆ ఇల్లు మానేసి ఊరికి వెళ్లి, ఒక కంపెనీలో పద్దెనిమిది నంబరు వీసా మీద మళ్లీ వచ్చాను. మందూబ్‌కు సహాయకుడి పని, అంటే ఫైళ్లు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం. అప్పుడే నోరు పెగిలింది. నా ధైర్యం భక్తి వల్ల వచ్చిందని సాక్ష్యం చెప్పలేను. సగం వీసా మారడం వల్ల వచ్చింది.

మొదట మా సహవాసంలో ఇద్దరు ముగ్గురికి చెప్పాను, అరబ్బీ కాగితం ఏదైనా ఉంటే సంతకం పెట్టేముందు నాకు చూపించండి అని. వారం తిరిగేసరికి పదిమంది వచ్చారు. ఆవరణలో గుంపుగా నిలబడటం మంచిది కాదని, అబ్బాసియాలో ఒక బ్రదర్ గదికి మారాం. శుక్రవారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. ఒక ప్లాస్టిక్ టేబుల్, టీ ఫ్లాస్కు, నా కళ్లజోడు. మాలియాలో మనవాళ్లు కలుసుకునే చోట నుంచి ఒకరి చేయి పట్టుకుని ఒకరు వచ్చేవారు. రాయచోటి సాయిబు, కోడూరు రెడ్డి, మా పాలకొల్లు అక్కలు, నిజామాబాద్ తమ్ముళ్లు. ఇక్కడ మత ప్రచారం చేయకూడదు, మేం చేయం కూడా. మంచంమీద కూర్చుని వంతు కోసం చూస్తున్నవాళ్లలో ఎవరు ఏ దేవుణ్ణి కొలుస్తారో టీ పోసే తమ్ముడికి అక్కర్లేదు, చక్కెర ఎంతో తెలిస్తే చాలు.

నా కళ్లు వెతికేది నాలుగైదు మాటల్నే. 'ఇస్తలమ్‌తు' ఉంటే డబ్బు నిజంగా ముట్టిందా అని అడుగుతాను. 'ముఖాలసా' ఉంటే అది లెక్క మొత్తం తేల్చేసుకున్నట్టు. తనాజుల్ ఉంటే ఎవరిది అని చూస్తాను. 'తగయ్యుబ్' ఉంటే పనిలోంచి పారిపోయినట్టు ఫిర్యాదు పెట్టారని, మనవాళ్ల భాషలో ఖల్లివల్లి అయ్యారని. నేను వకీలును కాదు, ఆ సంగతి ముందే చెప్తాను. చదివి, ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పి, ఎంబసీ లేబర్ విభాగానికో, మ్యాన్‌పవర్ అథారిటీకో పంపడమే నా పని. చందాలు వసూలు చేయం. ప్రభుత్వ అనుమతి లేకుండా ఇక్కడ విరాళాలు పోగుచేయడం నేరం. మంచి మనసుతోనే ఆ పని చేసి చిక్కుల్లో పడ్డవాళ్లను చూశాం.

2015లో ఇంటిపనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం వచ్చాక చెప్పడానికి ఏదో ఒకటి చేతిలోకి వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు, ఒప్పందం ముగిశాక పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. మరుసటి ఏడాది కనీస జీతం 60 దీనార్లుగా పెట్టారు. చట్టం ఉండటం వేరు, వంటింట్లోకి రావడం వేరు, నాకు తెలుసు. అయినా "అలా ఒక చట్టం ఉందా తమ్ముడూ" అని అడిగిన అక్క గొంతులో వచ్చే తేడా కోసమైనా ఆ నంబరు నేను ప్రతి శుక్రవారం చెప్తాను.

అమ్రికానీ

మా చర్చికి దగ్గర్లోనే, సముద్రం ఒడ్డున గల్ఫ్ రోడ్డు మీద, 'అమ్రికానీ' అనే భవనం ఉంది. ఇప్పుడది సాంస్కృతిక కేంద్రం. పిల్లలతో సెలవు రోజు వెళ్లినవాళ్లు చాలామంది మ్యూజియం అనుకుని ఫొటోలు తీసుకుని వచ్చేస్తారు. అది ఒకప్పుడు అమెరికన్ మిషన్ ఆసుపత్రి. ఇంకా నూనె బయటపడని కాలం, ముత్యాల కోసం మునిగే మనుషుల ఊరు. పాలకుడు షేక్ ముబారక్ పిలుపు మీద మిషన్ డాక్టర్లు వచ్చారు. 1912లో ఎలినార్ కాల్వర్లీ అనే డాక్టరమ్మ వచ్చింది. మగ డాక్టరుకు చూపించుకోలేని ఆడవాళ్లకు ఆమే దిక్కు. అరబ్బీ నేర్చుకుంది, ఇళ్లలోకి వెళ్లి పురుళ్లు పోసింది. ఇక్కడి వాళ్లు ఆమెను ఖాతూన్ హలీమా అని పిలుచుకున్నారు. 1920లో జహ్రా యుద్ధంలో గాయపడ్డవాళ్లకు ఆ ఆసుపత్రిలోనే కట్లు కట్టారు. 1967లో, ప్రభుత్వ ఆసుపత్రులు వచ్చేశాక, దాన్ని మూసేశారు.

ఆ డాక్టర్లు ఎంతమందిని మతం మార్చారని లెక్క చూస్తే దాదాపు ఏమీ ఉండదు. ఇక్కడి వాళ్లు గుర్తుపెట్టుకున్నది వైద్యాన్ని. మా చర్చి పాస్టరు రెవరెండ్ ఇమ్మానుయేల్ ఘరీబ్ కువైటీయే. 1999లో ఆయన అభిషేకం పొందినప్పుడు ఈ దేశపు పౌరుల్లో ఆయనే మొదటివారు. కువైటీల్లో క్రైస్తవులు ఉంటారా అని మన దగ్గర బంధువులు ఫోన్లో ఆశ్చర్యపోతుంటారు. ఉన్నారు, కొన్ని కుటుంబాలే అయినా.

డాక్టరమ్మ సంగతి చెప్పినప్పుడల్లా మా దగ్గర ఒకావిడ గుర్తొస్తుంది. పాలకొల్లు వైపు అక్క, ఒక టైలర్ షాపులో అబాయాలకు అంచులు కుట్టే పని. 2018లో కువైట్ ప్రభుత్వం జనవరి చివర్లో క్షమాభిక్ష ప్రకటించి, ఏప్రిల్ 22 దాకా పొడిగించింది. అకామా లేనివాళ్లు జరిమానా కట్టకుండా దేశం దాటిపోవచ్చు. రోజుకు 2 దీనార్ల చొప్పున 600 దాకా జరిమానా పెరిగిపోయి ఏళ్ల తరబడి దాక్కున్నవాళ్లంతా ఒక్కసారి బయటికి వచ్చారు. ఎంబసీ ముందు ఔట్‌పాస్ కోసం తెల్లవారకముందే వరుసలు. మా గదిలో నేను, ఇంకో ఇద్దరు రాత్రింబవళ్లు ఫారాలు నింపాం. మేం చేస్తున్నదే గొప్ప సేవ అనుకుంటున్నాం.

ఆ అక్క ఒక రాత్రి వచ్చి, వెళ్లిపోతున్న ఆడవాళ్లు ఎంతమంది అని అడిగింది. ఎందుకక్కా అన్నాను. "ఒంటిమీద నల్ల అబాయా, లోపల పాత నైటీ. ఆరేళ్ల తర్వాత పిల్లల ముందు అలా దిగుతారా?" అంది. ఆ మాట మాకు ఎవరికీ తట్టలేదు. తన దగ్గరున్న చీరలు, స్నేహితురాళ్ల దగ్గర అడిగి తెచ్చిన చీరలు పెట్టుకుని, వచ్చినవాళ్లకు కొలతలు తీసుకుని, షాపు కట్టేశాక తెల్లవారుజాము దాకా జాకెట్లు కుట్టింది. ఎన్ని కుట్టిందో తనే లెక్కపెట్టలేదు. విమానం ఎక్కేముందు ఒకామె ఆ జాకెట్టు వేసుకుని గదిలో అద్దం ముందు నిలబడిపోయింది, మేం ఫ్లైట్‌కు టైమవుతోందని పిలుస్తున్నా కదల్లేదు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పే ఊళ్లో దొర్కా అనే ఆవిడ చనిపోతుంది. పేతురు వచ్చేసరికి చుట్టూ విధవరాళ్లు ఏడుస్తూ ఆమె కుట్టిచ్చిన అంగీలు, వస్త్రాలు ఎత్తి చూపిస్తారు. ఆమె ఎలా ప్రార్థించేదో, ఎలా పాడేదో ఒక్కరూ చెప్పరు. బట్టలే చూపిస్తారు. ఈ అక్క అది విని, "నా కుట్టు అంత నీట్‌గా ఉండదులే తమ్ముడూ, రాత్రిపూట కళ్లు కనపడవు" అని కొట్టిపారేసింది.

2024లో మార్చి నుంచి జూన్ దాకా మళ్లీ క్షమాభిక్ష ఇచ్చినప్పుడు కూడా మిషన్ ముందు కూర్చుంది. ఆ జూన్ 12నే మంగాఫ్ భవనంలో మంటలు లేచి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు, వారిలో ముగ్గురు మన ఆంధ్రవాళ్లు. ఆ వారం మా గదిలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. కార్గోలో పనిచేసే ఒక తమ్ముడున్నాడు మా దగ్గర, ఎవరైనా పోతే మరణ పత్రం, పాస్‌పోర్టు రద్దు, ఎంబసీ నిరభ్యంతర పత్రం, ఎంబామింగ్, విమానంలో చోటు, వరస తప్పకుండా కంఠస్థంగా చెప్పగలడు. అలాంటి విద్య కూడా వరమేనా అని అతనే ఒకసారి అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. చనిపోయినవాడి తల్లి ఫోన్లో ఉన్నప్పుడు మాత్రం అందరం అతని వైపే చూస్తాం.

రాజోలు దగ్గర

2019లో సెలవు మీద ఊరికి వెళ్లినప్పుడు ఆ అక్క ఇంటికి వెళ్లాను. పద్నాలుగేళ్లు పట్టింది. అడ్రసు ఎప్పుడో తెలుసుకున్నాను, బండి మీద అరగంట దూరం కూడా కాదు. కొబ్బరి తోట పక్కన రెండు గదుల డాబా, ముందు ఇడ్లీ బండి. గుర్తుపట్టి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక కువైట్ కబుర్లు చెబుతూ పోయాను. ఆఖరికి ఆ కాగితం మాట ఎత్తాను. నాకు ఆ రోజు చదవడం వచ్చక్కా అన్నాను.

"తెలుసు" అంది. "చూస్తున్నంతసేపూ నీ పెదాలు కదిలాయి."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మరి తెలిసీ ఎందుకు వేశావక్కా వేలిముద్ర?"

"నువ్వే చెప్పలేనంత భయపడ్డావంటే నేను వేయనని అనగలనా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. క్షమాపణ అడిగాను. ఆవిడ అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఇడ్లీ పిండి రుబ్బాలి అని లేచింది.

వెళ్లిపోదామని చెప్పులు వేసుకుంటుంటే ఆగమంది. లోపలి నుంచి ఒక అమ్మాయిని తీసుకొచ్చింది, వాళ్ల చెల్లెలి కూతురు. ఇరవై మూడేళ్లు ఉంటాయేమో. వచ్చే నెల కువైట్ వెళ్తోందట, ఇంటిపనికి, మంచి ఇల్లు, మంచి జీతం అని ఏజెంటు చెప్పాడట. అక్క ఒక కాగితం నా ముందు పెట్టింది.

"ఈసారి పెదాలు కదిలిస్తే కుదరదు. పైకి చదువు" అంది.

చదివాను. మొదటి వరుస నుంచి, ఒక్కో మాటా అరబ్బీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. మూడో వరుసలో 'జియారా' అని ఉంది. అంటే చుట్టపుచూపు వీసా, పని వీసా కాదు. దాని మీద వెళ్లి పనిచేస్తే చట్టం ముందు ఆ పిల్ల ఎవరూ కాదు. పైగా ముప్పై ఏళ్లు నిండని ఆడపిల్లను ఇంటిపనికి పంపడానికి మన ప్రభుత్వమే ఒప్పుకోదు, వయసు నిండినా ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థ ద్వారానే వెళ్లాలి. ఇదంతా చెప్పేసరికి ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. ఏజెంటుకు అప్పటికే 60 వేలు కట్టేశారు.

అక్క కాసేపు ఆ కాగితం వైపు చూసింది. తర్వాత కొంగుకు చేయి తుడుచుకుని, ఫోన్ తీసి, ఏజెంటు నంబరు నొక్కి నా చేతిలో పెట్టింది.

"చదివావుగా. ఇప్పుడు మాట్లాడు" అంది.